బొమ్మలకు ఓకే, బిల్లుకే తల బద్దలైంది

హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న ఫ్లెక్సీ షాపు ఉంది. బతుకమ్మ పండుగకు ముందు ఆర్డర్లు మీద పడితే బొమ్మలు గీసిచ్చే ఒక ఏఐ యాప్‌కు నెల చందా కట్టాను.

ముందు బొమ్మల సంగతి. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ అని రాస్తే మూడంతస్తుల బర్త్‌డే కేకు ఇచ్చింది. వరుస వరుసకు రంగు చెప్పి, తాంబాలంలో గోపురంలా పేర్చాలి, పైన గౌరమ్మ ఉండాలి అని విడమరిచి చెప్తే ఆరోసారికి దారికొచ్చింది. వెనకాల కాకతీయ కళాతోరణం పెట్టమంటే ఏదో కోట గుమ్మంలా వంపు తిప్పింది, మన తోరణానికి పైన అడ్డంగా రాతి దూలాలుంటాయని దానికెవరు చెప్పాలి! తెలుగు అక్షరాలైతే పిచ్చిగీతలే, అవి నేనే అను ఫాంట్‌లో కొట్టుకున్నాను. అయినా రాత్రంతా కూర్చునే పని గంటలో అయింది, ఆ మాట ఒప్పుకోవాలి.

అసలు టెన్షన్ బిల్లుతో మొదలైంది. ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి యూపీఐతో డబ్బు కట్టి, షాపు కంప్యూటర్‌లో తెరిస్తే "ఫ్రీ ప్లాన్" అంటోంది. కస్టమర్ ముందు కూర్చుని ఉన్నాడు, ఏం తోచక కార్డుతో మళ్లీ 10 డాలర్లు కట్టేశాను. పన్ను, బ్యాంకు వాళ్ల ఛార్జీ కలిపి వెయ్యి దాటింది. హెల్ప్ చాట్‌లో అడిగితే బాట్ ఒక్కటే పాట, లాగౌట్ చేసి లాగిన్ అవ్వండి అని. నాలుగుసార్లు చేశాను.

చివరికి మా అక్క కొడుకు వచ్చి చూసి నవ్వాడు. "మామా, ఫోన్ల అత్త జీమెయిల్ ఉంది, కంప్యూటర్ల షాపు జీమెయిల్ ఉంది. నువ్వు రెండు అకౌంట్లకు కట్టినవ్." యాప్‌లో ప్రొఫైల్ నొక్కితే ఏ మెయిలో కనబడుతుందట, డబ్బు కట్టే ముందు అది చూస్తే సరిపోయేది. తప్పు నాదే, కానీ కట్టే పేజీలో ఏ మెయిల్‌కు కడుతున్నామో పెద్ద అక్షరాలతో చూపిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఫోన్‌లో యాప్ తీసేశాను, ఇక పీడ విరగడైందనుకున్నాను. తర్వాతి నెల మళ్లీ డబ్బు కట్! యాప్ డిలీట్ చేస్తే చందా ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. ఓటీపీ అడగలేదేంటంటే, ఒకసారి ఆటోపేకు, అంటే నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు, ఒప్పుకున్నాక 15,000 రూపాయల లోపు కోతలకు రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. 24 గంటల ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. నాకూ వచ్చింది, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య చూసుకోలేదు.

కార్డు డబ్బు కోసం బాట్‌ను వదిలేసి, రెండు మెయిళ్లు, రెండు రశీదుల ఫొటోలు, తేదీలు పెట్టి ఒకే ఈమెయిల్ రాశాను. మనిషే జవాబిచ్చాడు. తొమ్మిది రోజులకు డబ్బు వెనక్కొచ్చింది. ప్లే స్టోర్‌లో కట్టింది మాత్రం అక్కడే అడగమన్నారు, అడిగాను, ఇంకా రాలేదు.

బొమ్మలకు నాలుగు స్టార్లు, బిల్లింగ్‌కు ఒకటి. ఆ రెండో నెల చందాకు బొమ్మలు గీసుకోవడానికి ఇచ్చిన క్రెడిట్లు ఊరికే పోతాయని మా మేనల్లుడు వాడి బైకు ఫొటోకు రెక్కలు పెట్టుకుంటున్నాడు.