సాక్స్ ఉంచాలా, తీసేయాలా? ఉప్పునీటి ట్యాంకులో వడపోత సంగతి

ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లు మొదటి నెలలో అడిగేవి ఉప్పు గురించి, రెండో నెలలో నాచు గురించి. మూడో నెలకు వచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: సంప్‌లో ఫిల్టర్ సాక్స్ ఉంచాలా, తీసేయాలా? సంప్ అంటే ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి, ట్యాంకు నీళ్లు అందులోకి దిగి రిటర్న్ పంపుతో తిరిగి పైకి వెళ్తాయి. నీళ్లు దిగే చోట తగిలించే వడపోత సంచే ఫిల్టర్ సాక్స్. ఈ నెలలోనే నన్ను నలుగురు అడిగారు. కూకట్‌పల్లి నుంచి ఇద్దరు, మెహదీపట్నం నుంచి ఒకరు, ఉప్పల్ నుంచి ఒక పెద్దాయన. ఒక్కొక్కరికి ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను. నా ట్యాంకులోంచి సాక్స్ తీసేసి ఎనిమిది నెలలైంది, కాబట్టి నా మొగ్గు ఎటో దాచడం కుదరదు. అయినా సాక్స్ తరఫున చెప్పవలసింది చాలా ఉంది. ముందు అదే చెబుతాను.

200 మైక్రాన్ల ఫెల్ట్ సాక్స్ అంటే మిల్లీమీటరులో అయిదో వంతు ఉన్న నలుసును కూడా పోనివ్వదు. 100 మైక్రాన్లది అందులో సగం సైజువాటినీ ఆపుతుంది. కొత్తది తగిలించిన సాయంత్రం చూడండి, చేపలు గాలిలో ఈదుతున్నట్టు ఉంటాయి. పైనుంచి దిగే నీటి చప్పుడు సగానికి సగం తగ్గుతుంది. సన్న బుడగలు ట్యాంకులోకి వెళ్లవు. రిటర్న్ పంపులో మడ్డి పేరుకోదు. హాల్లో టీవీ పక్కనే ట్యాంకు ఉన్న ఇంట్లో ఆ చప్పుడు సంగతి చిన్నదేమీ కాదు. ఇక చేపలే తప్ప మరేమీ లేని ట్యాంకులో, వాటికి రోజుకు మూడు పూటలా మేత వేస్తుంటే, వాటి విసర్జన ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. సాక్స్‌లో ఆగితే ఎక్కడుందో కనీసం మనకు తెలుస్తుంది.

అయితే ఆగినంత మాత్రాన బయటికి పోయినట్టు కాదు. వంటింటి సింకులో జాలీ ఉంటుంది కదా. మెతుకులు, కరివేపాకు, టీ పొడి అన్నీ దానిలో ఆగుతాయి. రాత్రి పడుకునే ముందు దులిపేస్తే ఏ గొడవా లేదు. మూడు రోజులు వదిలేస్తే, మనం వాడే ప్రతి చెంబెడు నీళ్లూ ఆ కుళ్లు మీదుగానే పోతాయి. సింకు నీళ్లు మోరీలో కలుస్తాయి కాబట్టి మనకు పట్టదు. సాక్స్ మీదుగా వచ్చిన నీళ్లు తిరిగి చేపల దగ్గరికే చేరతాయి, అదీ గంటకు నాలుగైదు సార్లు.

అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా జరిగే కథ ఇది: మేత, విసర్జన కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. సాక్స్‌లో ఆ కథ తొందరగా నడుస్తుంది. మేత ముక్కలు అక్కడ నిండుగా ఆక్సిజన్ ఉన్న ప్రవాహంలో నానుతూ చిదురవుతుంటాయి, వాటిని తినే ప్రాణులు అక్కడ దాదాపు ఉండవు.

ఇక్కడ మెహదీపట్నం మిత్రుడు ఒక అడ్డు ప్రశ్న వేశాడు, న్యాయమైనదే. "సాక్స్ తీసేస్తే ఆ మడ్డి ఆవిరైపోతుందా అన్నా? బండల సందుల్లో కూర్చుని అక్కడే కుళ్లుతుంది కదా?" నిజమే. ట్యాంకులో వేసిన మేతలోని నత్రజని సాక్స్ ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే ఈ తగువంతా నా లెక్కలో ఒక్క అంకె దగ్గర తేలుతుంది: మడ్డి పడిన రోజు నుంచి అది నీళ్లలోంచి బయటపడే రోజు వరకు ఎన్ని రోజులు?

రెండు రోజులకోసారి సాక్స్ మార్చేవాళ్లతో నాకు వాదన లేదు, వాళ్ల ట్యాంకు నా ట్యాంకు కన్నా శుభ్రంగా ఉంటుంది. నాలుగు రోజులకైతే ఉన్నా లేకపోయినా ఒకటే. వారం దాటితే సాక్స్ ఓడిపోతుంది. ఎందుకంటే సాక్స్ లేని ట్యాంకులో పడిన మేతను రొయ్యలు, పురుగులు, కోపిపాడ్‌లు అనే కంటికి ఆనీ ఆననంత చిన్న జలచరాలు కొంత తింటాయి. ఇంకొంత, బుడగలతో మురికిని పైకి తేల్చే స్కిమ్మర్ కప్పులోకి నురగగా పోతుంది. మిగిలింది సంప్ మొదటి అరలో, నీటి వేగం తగ్గిన చోట కూర్చుంటుంది, పైపు పెట్టి లాగేయవచ్చు. నిండిపోయిన సాక్స్‌లో ఈ మూడూ జరగవు. పైగా నిండిన తరువాత నీళ్లు దాని అంచు మీదుగా పొర్లిపోతాయి. అప్పుడది వడకట్టడం కూడా మానేసి, ఊరికే కుళ్లుతూ వేలాడుతుంటుంది. కోపిపాడ్‌లను పట్టి చంపేది కూడా అదే. మాండరిన్ చేపను పెంచాలన్న ఆశ ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణానికే సాక్స్‌ను దూరం పెట్టవచ్చు, ఆ చేపకు ప్రధాన ఆహారం కోపిపాడ్‌లే.

మన ఊరి వేడి కూడా లెక్కలోకి వస్తుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే వేడిలో సముద్రపు నీటికి 7 కూడా దక్కదు. అదీ సముద్రమట్టం దగ్గరి లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇంకాస్త కోత. మే నెలలో చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రం, లేని ట్యాంకు 30 డిగ్రీలకు చేరితే ఆ మిగిలిందీ తగ్గుతుంది. ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను చేపలతో పాటు కుళ్లే మడ్డిలోని బ్యాక్టీరియా కూడా పంచుకుంటుంది. కరెంటు పోయి రెండు గంటలు పంపులు ఆగాయంటే ఆ పంపకంలో నష్టపోయేది చేపలే. చల్లని దేశాల్లో రాసిన సలహాలు చదివి "వారానికోసారి మారిస్తే చాలట" అనేవాళ్లకు నేను గుర్తు చేసేది ఇదే.

ఇక ఉతుకుడు. సాక్స్ కొనేటప్పుడు ఎవరూ ఆలోచించని సంగతి ఇది. తిరగేసి, గొట్టంతో కొట్టి, బ్లీచింగ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, మళ్లీ కడిగి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయాలి. సబ్బు పొడి తగలకూడదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో ఒక్కో సాక్స్‌కు రెండు బకెట్ల నీళ్లు పోయడం నాకే ఇబ్బందిగా ఉండేది. విసుగుతో ఒకసారి వాషింగ్ మిషన్‌లో, సబ్బు లేకుండా, వేశాను. మా ఆవిడ వాసన పట్టేసింది. "ఏమండీ, ఆ చేపల మేజోళ్లు నా మిషన్‌లో వేశారా?" అని మాత్రమే అంది. ఆ తరువాత రెండు వారాలు నా చొక్కాలు నేనే చేత్తో ఉతుక్కున్నాను.

సాక్స్ తీసేయడానికి అసలు కారణం మాత్రం సంక్రాంతి. అయిదు రోజులు ఊరికి వెళ్తూ చేపలకు మేత వేయమని బావమరిదికి చెప్పాను. సాక్స్ మార్చమని చెప్పడం మరిచిపోయాను. చిటికెడు వేయమంటే ప్రేమ కొద్దీ గుప్పెడు వేశాడు. తిరిగి వచ్చి తలుపు తీసేసరికి ఎండుచేపల బజారు వాసన. సాక్స్ నిండి, అంచు మీదుగా గోధుమ రంగు నీళ్లు కారుతున్నాయి. వెళ్లేటప్పుడు లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉన్న నైట్రేట్ 40 చూపించింది. ఒక గోబీ చేప కనిపించకుండా పోయింది, మళ్లీ కనిపించలేదు. బావమరిదిని ఏమనగలను, తప్పు నాది.

నైట్రేట్ దించడానికి నీళ్లు మార్చాలి కదా. 300 లీటర్ల ట్యాంకులో పది శాతం మార్చితే నైట్రేట్ కూడా పది శాతమే తగ్గుతుంది. ఆ 30 లీటర్లకు కిలోకు పైగా ఉప్పు కావాలి. 30 లీటర్ల ఆర్ఓ నీటికి అంతకు రెట్టింపు మోరీ పాలవుతుంది. సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లో ఆ నీళ్లన్నీ మనం వంటింట్లో తయారు చేసుకున్నవే. ఆ నెల అయిదుసార్లు మార్చాను. ఉప్పు బకెట్ అడుగు కనిపించిన రోజున సాక్స్ హోల్డర్ విప్పేశాను.

ఇప్పుడు నైట్రేట్ 10, 15 మధ్య ఉంటోంది. దీన్ని చూపించి సాక్స్ తీసేయడం వల్లే అని చెబితే అబద్ధమవుతుంది. అదే సమయంలో మేత రెండు పూటల నుంచి ఒక పూటకు తగ్గించాను. ఏది ఎంత పని చేసిందో విడదీయలేను.

సాక్స్ లేకుండా నడపడం కొత్త కనిపెట్టుడేమీ కాదు. బెర్లిన్ పద్ధతి అని పేరు పడిన ఏర్పాటులో జీవమున్న బండలు, స్కిమ్మర్, బలమైన దీపాలు, నీటి ప్రవాహం తప్ప వడపోత గుడ్డలు లేవు. చిక్కల్లా ఆ మొదటి మాట దగ్గరే. అక్కడ బండలంటే ప్రాణులతో నిండినవి. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, తీరం నుంచి పగడపు రాళ్లు తెచ్చుకునే ఆలోచనే పెట్టుకోకూడదు. ఎవరైనా రహస్యంగా అమ్మజూపినా వద్దనండి. కాబట్టి మనం ఎండు బండలతో మొదలుపెడతాం. వాటి రంధ్రాల్లో బ్యాక్టీరియా, పురుగులు స్థిరపడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో సాక్స్ లేకుండా ఉండమని నేను చెప్పను. మొదటి ఆరు నెలలు ఉంచండి, మారుస్తూ ఉండండి.

ఆ తరువాత నేను చేసే పని ఇది. శనివారం పొద్దున ఒక పెద్ద సిరంజితో బండల మీద నీళ్లు కొట్టి మడ్డి లేపుతాను. సంప్‌లో నీళ్లు దిగే చోట ఒక చిల్లుల డబ్బా, అందులో గుప్పెడు ఫిల్టర్ దూది. ఆదివారం పొద్దున ఆ దూది తీసి చెత్తబుట్టలో వేస్తాను. ఉతకడం, ఎండబెట్టడం ఏమీ లేదు. అదే పూట సన్న పైపుతో సంప్ అడుగున కూర్చున్నది బకెట్‌లోకి లాగుతాను. ఎలాగూ మార్చవలసిన నీళ్లు అవే, కాబట్టి ఒక పనిలో రెండు తీరతాయి. మిగతా ఆరు రోజులు వడపోత లేదు. నీళ్లు గాజులా ఉంటాయని చెప్పను, దీపానికి ఎదురుగా చూస్తే నలుసులు కనిపిస్తాయి. సముద్రంలోనూ కనిపిస్తాయి.

దూది విషయంలో ఒక జాగ్రత్త. బేగంబజార్‌లో దిండ్లలో కూరే పాలియెస్టర్ దూది చవకగా దొరుకుతుంది, చాలామంది అదే వాడతారు. మంట అంటుకోకుండా మందు పూసిన రకం కాదని అడిగి తెలుసుకుని తీసుకోండి. దుకాణంవాడికి తెలియకపోతే అక్వేరియం దుకాణంలోదే కొనండి.

మిగతావి రెండు ముక్కల్లో. రోలర్ మ్యాట్ మంచిదే, మడ్డి పట్టిన గుడ్డను తనే చుట్టుకుని నీళ్ల పైకి తెస్తుంది, అంటే నేను చెప్పిన రోజుల లెక్కలో గెలుస్తుంది. ఖరీదూ, చుట్ట అయిపోయిన ప్రతిసారీ మళ్లీ తెప్పించుకోవడమూ భరించగలిగితే తీసుకోండి. మూసిన డబ్బాలో నీళ్లు వడకట్టే క్యానిస్టర్ ఫిల్టర్ వద్దు, మూత విప్పాలంటేనే బద్ధకం వేస్తుంది, కరెంటు పోతే లోపలి నీళ్లు కుళ్లిపోతాయి. వెనకాల వేలాడదీసే ఫిల్టర్ చిన్న ట్యాంకుకు చాలు.

కూకట్‌పల్లి వాళ్లిద్దరూ పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చే ఉద్యోగులు, ట్యాంకు పెట్టి ఏడాది దాటింది, తీసేయమన్నాను. మెహదీపట్నం మిత్రుడి బండలు ఇంకా తెల్లగానే ఉన్నాయి, ఆగమన్నాను. ఉప్పల్ పెద్దాయన పదవీ విరమణ చేశారు. ఎనిమిది సాక్స్‌లు కొన్నారు, రోజుకొకటి మారుస్తారు, మేడ మీద తాడు కట్టి వరుసగా ఆరేస్తారు. ఆయన ట్యాంకులో రెండు ట్రిగ్గర్ చేపలు మూడు పూటలా తింటాయి. ఆయనకు ఉంచుకోమనే చెప్పాను.