ఏడేళ్ళుగా సపోజిటరీ, ఎనిమా, ఫోమ్: ఒక కొలైటిస్ పేషెంట్ అనుభవం

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, ఉందని తెలిసి తొమ్మిదేళ్ళయింది. మొదటి రెండేళ్ళు మాత్రలు మాత్రమే మింగాను. డాక్టరు వాటితోపాటు రాసిన, మలద్వారంలో పెట్టుకునే సపోజిటరీల డబ్బా సీలు తీయకుండా అల్మరాలోనే ఉండిపోయింది. సిగ్గు ఒక కారణం. మింగే మందు ఉండగా ఇదెందుకన్న అనుమానం ఇంకో కారణం. ఆ రెండేళ్ళలో జబ్బు నాలుగుసార్లు తిరగబెట్టింది. నాలుగోసారి రోజుకు పది సార్లు బాత్‌రూమ్‌కు పరిగెత్తి, వెళ్ళొచ్చిన మరుక్షణం మళ్ళీ వెళ్ళాలనిపించే స్థితిలో ఆ డబ్బా తెరిచాను. అప్పటి నుంచి ఏడేళ్ళుగా మలద్వారం ద్వారా ఇచ్చే మందులు మూడు రకాలూ వాడాను: బిళ్ళలా ఉండే సపోజిటరీ, ద్రవంగా ఎక్కించే ఎనిమా, నురగలా ఉండే ఫోమ్.

ఈ జబ్బు పురీషనాళం (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పెద్దపేగులో పైకి పాకుతుంది. నాకు పుండ్లు ఉన్నది పేగు చివరి భాగంలోనే. నోటితో వేసుకున్న మందు అంత దూరం ప్రయాణించి చివరికి చేరేసరికి సరిపడా మిగలకపోవచ్చు. చివరి భాగంలో ఉన్న జబ్బుకు పేగు వాపు తగ్గించే మెసలమైన్ అనే మందును కింద నుంచి ఇస్తే నోటి మాత్ర కంటే బాగా పనిచేస్తుందని, రెండూ కలిపి వాడితే ఇంకా మంచిదని డాక్టరు మొదటి రోజే చెప్పారు. నేనే వినలేదు.

నా అనుమానం పూర్తిగా పోయింది మాత్రం ఈ మందు చరిత్ర చదివాక. సల్ఫాసలజీన్ అనే పాత మందును 1940ల నుంచీ వాడుతున్నా, అందులో పనిచేసే భాగం ఏదో తెలియలేదు. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్, ట్రూలవ్ అనే డాక్టర్ల బృందం ఆ మందునూ, దాని రెండు భాగాలనూ విడివిడిగా ఎనిమాల రూపంలో పేషెంట్లకు ఇచ్చి చూశారు. అప్పుడు తేలిన భాగమే ఇవాళ మనం మెసలమైన్ అంటున్నది. అంటే ఈ మందు పనితనం బయటపడిందే ఎనిమాతో!

సపోజిటరీ వాడటం సులువు. నాకు రాసింది 1 గ్రాముది, రాత్రి పడుకునే ముందు ఒకటి. ముందు బాత్‌రూమ్‌కు వెళ్ళిరావాలి. కొసను నీళ్ళతో తడిపి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, బిగుతుగా ఉండే కండరం దాటేదాకా లోపలికి నెట్టాలి. అక్కడ ఆగిపోతే బయటికి జారుతుంది, దాటితే ఉండిపోతుంది. మొదటి వారం నాకు ఈ సంగతి తెలియక మూడు వృథా అయ్యాయి. మందు ఎండకు మెత్తబడితే రేపర్‌తోనే కాసేపు చన్నీళ్ళ కింద పెడితే గట్టిపడుతుంది. కానీ దీని మందు పురీషనాళం వరకే అందుతుంది.

ఎనిమా అలా కాదు. నేను వాడే సీసాలో 60 మి.లీ. ద్రవం, అందులో 4 గ్రాముల మందు. పెద్దపేగు ఎడమవైపు పై మలుపు దాకా వెళ్ళగలదు. కష్టమల్లా దాన్ని లోపల ఆపుకోవడం. పేగు మంటగా ఉన్నప్పుడు చల్లటి ద్రవం తగిలితే వెంటనే ముడుచుకుని బయటికి తోసేస్తుంది. అందుకే సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, బాగా కుదిపి, చాలా నెమ్మదిగా నొక్కుతాను. గొట్టం బయటికి తీసేదాకా సీసా మీద పట్టు వదలకూడదు, వదిలితే ద్రవం వెనక్కి లాగేస్తుంది. తర్వాత అరగంట ఎడమ పక్కనే ఉంటాను. మొదటి రాత్రి పది నిమిషాలు కూడా ఆపుకోలేక ఏడుపొచ్చింది. మందు దండగైపోయిందనుకున్నాను. ఎంతసేపు ఉంటే అంత మేలేనని డాక్టరు చెప్పాక టెన్షన్ తగ్గింది. రెండో వారానికి తెల్లవారేదాకా ఉండటం మొదలైంది. మంట తగ్గేకొద్దీ ఆపుకునే శక్తి దానంతటదే వస్తుంది, కాబట్టి మొదటి వారం చూసి ఎవరూ మానేయకండి.

ఎనిమా అస్సలు నిలవనప్పుడు ఒకసారి స్టిరాయిడ్ ఫోమ్ ఇచ్చారు. నురగ కాబట్టి కారిపోదు. ఆరు వారాలు వాడి ఆపేశాను, స్టిరాయిడ్‌ను ఎక్కువ కాలం సాగదీయరు. మెసలమైన్ సరిపోనప్పుడు మాత్రమే దాని అవసరమన్నది డాక్టరు మాట.

ఈ మందు మరకలు దుప్పటికి పడితే పోవు. ముదురు రంగు పాత తువాలు ఒకటి పక్కన పెట్టుకుంటాను. ఇవన్నీ మా ఆవిడ దగ్గర దాచడానికి నేను పడ్డ అవస్థ జబ్బు కంటే ఎక్కువ. చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. చెప్పిన రోజు నుంచి నీళ్ళు వేడి చేసి పెట్టేది తనే.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. ఐదారు రోజుల్లో రక్తం ఆగింది కదా అని మందు ఆపేశాను. నెల తిరగకుండా మళ్ళీ మొదలైంది. రక్తం ఆగినా లోపల పుండు మానినట్టు కాదు. ఇప్పుడు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఎంత ఉందో చూపే ప్రొటీన్) పరీక్ష చేయించి, ఆ అంకె చూశాకే డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గిస్తాను.

అందరికీ ఇది పడదు. మెసలమైన్ మొదలుపెట్టాక జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు పెరిగితే అది మందు పడకపోవడం కావచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. కొన్ని ఎనిమాల్లో మందు పాడవకుండా కలిపే సల్ఫైట్ ఉంటుంది. ఆస్తమా, సల్ఫైట్ ఎలర్జీ ఉన్నవాళ్ళు ముందే అడగాలి. కిడ్నీల కోసం అప్పుడప్పుడు రక్తపరీక్ష కూడా తప్పదు. రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటితో జ్వరమో గుండెదడో ఉంటే ఎనిమాతో ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. తీవ్రతకు ఈ కొలతను అదే ట్రూలవ్, విట్స్ అనే మరో డాక్టరుతో కలిసి 1955లో పెట్టారు, డాక్టర్లు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

ప్రస్తుతం వారానికి మూడు రాత్రులు సపోజిటరీ వాడుతున్నాను. రక్తపు చార కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేసి ఆ రాత్రి నుంచే రోజూ మొదలుపెడతాను. ఏడు ఎనిమా సీసాలు ఎప్పుడూ ఇంట్లో ఉంటాయి. నెలకోసారి వాటి తేదీలు చూస్తాను, లోపలి ద్రవం ముదురు గోధుమ రంగుకు మారిన సీసాను పారేస్తాను.