గొట్టం తీసే ముందు: టీ-పీసా, ప్రెజర్ సపోర్టా?

కోనసీమ వరిచేలో పాము కరిచి, విషంతో కండరాలు చచ్చుబడి వెంటిలేటర్ మీదికి వచ్చిన రైతు కూలీ తేరుకున్నాడనుకుందాం. గొంతులోని గొట్టం తీయవచ్చా? ముందు అతని సొంత ఊపిరిని పరీక్షించాలి. దారులు రెండు.

టీ-పీస్ పద్ధతిలో యంత్రం నుంచి విడదీసి, గొట్టానికి ఆక్సిజన్ మాత్రమే అందిస్తారు. శ్రమంతా రోగిదే. గుండె బలహీనత దాగి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. ప్రెజర్ సపోర్ట్‌లో యంత్రం ప్రతి శ్వాసకూ కాస్త ఆసరా ఇస్తుంది. అంకెలు, అలారాలు కళ్లముందే ఉంటాయి. రాత్రివేళ ఒకే నర్సు నలుగురిని కనిపెట్టుకునే చోట ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

స్పెయిన్‌లో 1,153 మందిపై జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. రెండు గంటల టీ-పీస్‌తో 74 శాతం మందికి, అరగంట ప్రెజర్ సపోర్ట్‌తో 82 శాతం మందికి గొట్టం తీయడం సఫలమైంది. మళ్లీ గొట్టం వేయాల్సి వచ్చినవారు రెండు వైపులా దాదాపు సమానమే.

నా మొగ్గు ప్రెజర్ సపోర్ట్ వైపే. గుండె జబ్బు ఉన్నవారికి మాత్రం టీ-పీస్. ఇక పాముకాటు రోగి ఏ పరీక్ష నెగ్గినా సరే, దిండు మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలపగలడా, గట్టిగా దగ్గగలడా అని చూడనిదే నేను గొట్టం ముట్టుకోను.