జిరాక్స్ షాపులో దొరికే అనాలజీ మెటీరియల్: ఏ పేజీలు చదవాలి, ఏవి వదిలేయాలి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం... ఏ ఊళ్ళో కోచింగ్ సెంటర్ల వీధిలోకి వెళ్ళినా జిరాక్స్ షాపుల ముందు స్పైరల్ బైండింగ్ పుస్తకాలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. వాటిలో నీలం అట్టతో వచ్చే రీజనింగ్ మెటీరియల్ గురించి ఈ రివ్యూ. అట్ట మీద రాసినవాళ్ళ పేరు లేదు, కాబట్టి మేమూ ఏ పేరూ చెప్పడం లేదు. పుస్తకం మొత్తం కాకుండా అనాలజీ, అంటే పోలికల అధ్యాయం ఒక్కటే తీసుకున్నాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టయర్-1లో రీజనింగ్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఎనిమిదో తరగతి పిల్లలు స్కాలర్‌షిప్ కోసం రాసే ఎన్ఎంఎంఎస్‌లో మానసిక సామర్థ్య పరీక్షకి 90 ప్రశ్నలు. రెండింట్లోనూ పోలికలు అడుగుతారు. కొనేవాళ్ళు ఎక్కువగా ఈ రెండు పరీక్షల వాళ్ళే.

మొదటి ఎనిమిది పేజీలు మాత్రం నిజంగా బాగున్నాయి. రెండు పదాలనీ ఇచ్చిన వరసలోనే ఒక వాక్యంలో పెట్టాలి, ఆ వాక్యంలో క్రియ ఉండి తీరాలి, విభక్తి ఏ పదానికి అంటుకుందో చూసుకోవాలి అని నేర్పుతుంది. తెలుగులో అనాలజీ చేయడానికి ఇంతకంటే గట్టి పద్ధతి లేదు. పుస్తకంలోని ప్రశ్న చూడండి. పీచుకి తాడు ఎలాగో, నూలుకి ఏది అలాగ అని దీని అర్థం.

పీచు : తాడు :: నూలు : ?
(ఎ) మగ్గం (బి) వస్త్రం (సి) పత్తి (డి) నేతగాడు

నాలుగూ నూలుతో సంబంధం ఉన్న మాటలే. "సంబంధం ఉందా" అని మాత్రమే చూసే పిల్లలు ఇక్కడే పడిపోతారు. వాక్యం కడితే గొడవ తీరిపోతుంది. పీచుతో తాడు పేనుతారు, నూలుతో వస్త్రం నేస్తారు. మగ్గానికి "మీద" కావాలి. పత్తి దగ్గర వరస తిరగబడుతుంది, పత్తితో నూలు వడుకుతారు కానీ నూలుతో పత్తి రాదు. నేతగాడు పని చేసేవాడు, తయారయ్యే వస్తువు కాదు. ఈ మెటీరియల్‌లో "తో", "మీద", "నుంచి" లాంటి విభక్తులన్నిటినీ ముద్దక్షరాల్లో వేశారు. ఎన్ఎంఎంఎస్ పిల్లలకి బోర్డు మీద చెప్పే టీచర్లకి ఆ ఒక్క ఏర్పాటే చాలా పనికొస్తుంది.

అన్నిటికంటే మంచి పేజీ వాక్యాన్ని బిగించడం గురించి రాసినది. ధవళేశ్వరం : గోదావరి :: ? : కృష్ణా అని ఇచ్చి, ఆప్షన్లుగా శ్రీశైలం, విజయవాడ, భద్రాచలం, అమరావతి పెట్టారు. "ధవళేశ్వరం గోదావరి ఒడ్డున ఉంది" అనుకుంటే భద్రాచలం ఒక్కటే ఎగిరిపోతుంది, మిగతా మూడూ కృష్ణ ఒడ్డువే. "ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట ఉంది" అంటే అమరావతి పోతుంది, రెండు మిగులుతాయి. "ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి గోదావరి నీళ్ళని డెల్టా కాలువలకి మళ్ళించారు" అన్నాకే విజయవాడ ఒక్కటి నిలుస్తుంది. అవతల ఎంత బిగించకూడదో కూడా చెప్పారు. "1852లో పూర్తయిన ఆనకట్ట" అని పట్టుకుంటే ఏ ఆప్షనూ సరిపోదు. అలాంటప్పుడు వాక్యాన్ని ఒక మెట్టు వదులు చేయాలి. ఒకటి కంటే ఎక్కువ మిగిలితే బిగించు, ఒక్కటీ మిగలకపోతే వదులు చేయి. దాదాపు అన్ని పద పోలికలూ ఈ దారిలో తెగుతాయి.

తొమ్మిదో పేజీ నుంచి పుస్తకం జారిపోయింది. సంబంధాల రకాలు నలభై దాకా పట్టికలో పెట్టి బట్టీ పట్టమంటుంది. అక్కర్లేదు. ముడిసరుకు - తయారైన వస్తువు, పనిముట్టు - పని, భాగం - మొత్తం, రకం - జాతి, కారణం - ఫలితం, తీవ్రతలో తేడా, ఊరు - దాని ప్రసిద్ధి. వీటి మీద పట్టుంటే మిగతావి వాక్యం కట్టేటప్పుడు వాటంతట అవే తేలతాయి. పైగా ఆ పట్టికలో భాగాన్నీ రకాన్నీ ఒకే గడిలో కలిపేశారు, అది పెద్ద పొరపాటు. ఊక : ధాన్యం వేరు, స్వర్ణ : వరి వేరు. "స్వర్ణ ఒక వరి రకం" అనొచ్చు, "ఊక ఒక ధాన్యం రకం" అనలేం. మధ్యలో "ఒక రకం" పెట్టి చదివితే రెండు సెకన్లలో తేలిపోయే తేడా ఇది. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ పేరు తెలియని రైతు డెల్టాలో ఉండడు. ఇక్కడి పిల్లలకి చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ దొరకదు.

ఊళ్ళ ప్రశ్నల్లో ఇంకో లోపం ఉంది. ఆత్రేయపురం : పూతరేకులు :: కాకినాడ : ? అనే ప్రశ్నకి కాజా, ఓడరేవు రెండూ ఆప్షన్లలో ఉన్నాయి. జవాబు కాజా, అది సరైనదే. కానీ వివరణలో "ప్రసిద్ధి" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఓడరేవుకీ కాకినాడ ప్రసిద్ధే కదా. "పేరుపడ్డ మిఠాయి" అని రాయాల్సింది. మొదటి ఎనిమిది పేజీల్లో తామే నేర్పిన పద్ధతిని ఇక్కడ వదిలేశారు.

చివరి సగంలో వివరణలే లేవు, ఒట్టి కీ, అంటే జవాబుల పట్టిక మాత్రమే ఉంది. అందులో ఒకటి తప్పకుండా చెప్పాలి. పెట్ట : పుంజు :: ఆవు : ? అన్న ప్రశ్నకి ఎద్దు, దూడ, ఆంబోతు, దున్నపోతు ఇచ్చి, జవాబు ఎద్దు అన్నారు. బడిలో ఆవుకి జోడు ఎద్దనే చెబుతారు, నిజమే. కానీ పుంజు పెట్టని కట్టే మగది. దుక్కి ఎద్దుకి వట్టలు నొక్కించేస్తారు, ఆవుని కట్టేది ఆంబోతు. పశువుల్ని చూసి పెరిగిన పిల్లవాడు ఆంబోతు అని రాస్తే తప్పని ఎలా అంటాం? తెలిసినవాళ్ళు తయారుచేసిన ప్రశ్నలో ఆ రెండూ పక్కపక్కన ఉండవు. టీచర్లు ఈ ప్రశ్నలో ఆంబోతుని కొట్టేసి, దాని బదులు పెయ్య అని పెట్టుకుంటే సరిపోతుంది.

అడ్డంగా కుదరని పోలికల సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. మార్టేరు : అంబాజీపేట :: వరి : కొబ్బరి అని ఇస్తే మొదటి రెండింటి మధ్యా పనికొచ్చే వాక్యం కట్టలేం. మొదటి పదాన్ని మూడోదానితో, రెండో పదాన్ని నాలుగోదానితో కలపాలి. మార్టేరులో వరి మీద పరిశోధన జరుగుతుంది, అంబాజీపేటలో కొబ్బరి మీద. వాక్యం దొరక్క చేయి ఆగిపోతే వెంటనే మొదటి, మూడో పదాల వైపు చూడటం అలవాటు చేసుకోవాలి.

"అనుమానంగా ఉంటే వదిలేయండి" అని ప్రతి పేజీ కింద అచ్చు వేశారు. ఈ సలహా వినకండి. సీజీఎల్ టయర్-1లో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. వాక్యం బిగించాక రెండు ఆప్షన్లు మిగిలాయనుకోండి. వాటిలో ఒకటి పెడితే సగటున ప్రశ్నకి 0.75 మార్కు లాభమే. వదిలేస్తే సున్నా. అయితే దాని దగ్గరే కూర్చోకూడదు. 60 నిమిషాల్లో 100 ప్రశ్నలంటే ఒక్కోదానికి 36 సెకన్లు, అందులో పద పోలికకి ఇరవై దాటితే లెక్కల సమయం తినేసినట్టే.

సంఖ్యల పోలికలు నాలుగు పేజీలే ఉన్నా ఫర్వాలేదు. 6 : 222 :: 7 : 350 లాంటివి, అంటే ఘనానికి అదే సంఖ్యని కలిపేవి, దశలవారీగా చేసి చూపించారు. అక్షరాల పోలికలు మామూలుగా ఉన్నాయి.

ధర రెండు వందల లోపే. కాగితం పల్చన, వెనక పేజీ అచ్చు ఇవతలికి కనబడుతుంది. పదాల పేజీలకి దానివల్ల ఇబ్బంది లేదు. బొమ్మల పోలికల పేజీలకి మాత్రం చాలా ఇబ్బంది. కాపీకి కాపీ తీసి తీసి, గీతలు నింపిన గడీ నల్లగా నింపిన గడీ ఒకేలా వస్తున్నాయి. ఆ తేడా మీదే జవాబు ఆధారపడిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. డబ్బులిచ్చే ముందు ఆ పేజీలు తెరిచి చూడండి, మసకగా ఉంటే పాత కాపీ నుంచి తీయించుకోండి. పదాల, సంఖ్యల పోలికలు మాత్రమే కావాలంటే పుస్తకం మొత్తం కొననక్కర్లేదు. మొదటి ఎనిమిది పేజీలూ, సంఖ్యల నాలుగు పేజీలూ విడిగా జిరాక్స్ తీయించుకుంటే చాలు.