రిపోర్ట్ అడుగున బిల్డ్ నంబర్: మూడేళ్లు వాడాక

నెలాఖరు రోజు. సేల్స్ మేనేజర్ ఒకాయన పవర్ బీఐ (డేటాను చార్టులు, టేబుళ్లుగా చూపే మైక్రోసాఫ్ట్ టూల్) పేజీకి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపారు: "రీజియన్ టోటల్ తప్పు వస్తోందండీ, కాస్త చూడండి." నేను తెరిస్తే టోటల్ సరిగ్గానే ఉంది. డేటా రిఫ్రెష్ కాలేదా, ముందు రోజు మేం మార్చిన ఫార్ములాలో తప్పుందా అని ఆ పూటంతా వెతికాం. తీరా చూస్తే ఆయన తెరిచింది టెస్ట్ వర్క్‌స్పేస్ (మార్పులను ముందుగా పరీక్షించే చోటు) లింకు. ఆ మర్నాడే ప్రతి పేజీ కింద, కుడి మూలన, చిన్న బూడిద రంగు అక్షరాల్లో వెర్షన్ చూపించడం మొదలుపెట్టాం. మూడేళ్లు దాటింది.

మొదట టెక్స్ట్ బాక్స్‌లో చేత్తో టైప్ చేసేవాళ్లం. అది రెండు నెలలు కూడా నిలవలేదు. రాత్రిపూట హడావుడిగా రిలీజ్ చేసినప్పుడల్లా మార్చడం మర్చిపోయాం. వెర్షన్ లేకపోయినా పర్వాలేదు కానీ తప్పు వెర్షన్ మాత్రం ఉండకూడదు. దాన్ని నమ్ముకుని సంబంధం లేని చోటల్లా వెతుకుతాం.

తర్వాత పవర్ క్వెరీ (పవర్ బీఐలోకి డేటాను తెచ్చే భాగం) పారామీటర్‌లో పెట్టాం. అందులో మార్చిన విలువ రిఫ్రెష్ అయితే తప్ప పేజీ మీదకి రాదు. మేం డిప్లాయ్ చేసేది మధ్యాహ్నం, రిఫ్రెష్ జరిగేది తెల్లవారుజామున. ఆ మధ్యలో కొత్త ఫార్ములాకి పాత నంబర్ కనిపించేది.

ఇప్పుడు వాడుతున్నది డాక్స్ మెజర్, అంటే పవర్ బీఐ ఫార్ములా భాషలో రాసే ఫార్ములా. రిపోర్ట్‌ను పవర్ బీఐ ప్రాజెక్ట్‌గా సేవ్ చేస్తే మోడల్ (రిపోర్ట్ వెనకున్న టేబుళ్లు, ఫార్ములాలు) టెక్స్ట్ ఫైళ్లుగా వస్తుంది, వాటిని గిట్‌లో (ప్రతి మార్పునీ గుర్తుంచుకునే టూల్) పెట్టాం. మెజర్‌లో ఒక గుర్తు పదం పెట్టి ఉంచాం. పబ్లిష్ చేసే ముందు అజూర్ డెవాప్స్ పైప్‌లైన్ (రిలీజ్ పనులు తనంతట తానే చేసే ఏర్పాటు) ఆ పదం తీసేసి బిల్డ్ నంబర్ (పైప్‌లైన్ నడిచిన ప్రతిసారీ వచ్చే నంబర్), పక్కనే టెస్టా ప్రొడక్షనా (అందరూ వాడే అసలు రిపోర్టా) అన్నదీ రాస్తుంది. నంబర్‌కి డీఫాల్ట్ రూపమే ఉంచాం: 20240311.2 అంటే 2024 మార్చి 11న రెండో బిల్డ్. 1.4.17 లాంటిది బిజినెస్ వాళ్లకి అర్థం కాదు. తేదీ అయితే ఫోన్లో అడగ్గానే చదివి చెప్పేస్తారు.

మొదటి రోజు మాత్రం టెన్షన్ పెట్టింది. కార్డ్ విజువల్‌లో 20.24 ఎం అని వచ్చింది! మెజర్‌లో కొటేషన్ గుర్తులు మర్చిపోయాం. దాంతో అది సంఖ్య అయిపోయి, కార్డ్ దాన్ని మిలియన్లలోకి కుదించేసింది. వెర్షన్‌ను ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉంచండి.

డేటా రిఫ్రెష్ టైమ్‌ను దీనితో కలపొద్దు, పక్కన విడిగా చూపించండి. రిపోర్ట్ కొత్తదై డేటా పాతదైనా, డేటా కొత్తదై రిపోర్ట్ పాతదైనా ఆ రెండింటినీ చూడగానే తెలిసిపోతుంది. దీనికి మెజర్‌లో నౌ ఫంక్షన్ పనికిరాదు, అది చూస్తున్న క్షణాన్ని చూపుతుంది. రిఫ్రెష్ జరిగినప్పుడు పవర్ క్వెరీలోనే టైమ్ పట్టుకుని ఒక చిన్న టేబుల్‌లో ఉంచాలి. పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీస్‌లో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) నడుస్తుంది కనుక మన టైమ్ కోసం 5 గంటల 30 నిమిషాలు కలపాలి.

ఒకే మోడల్ మీద చాలా రిపోర్టులు నడిపేవాళ్లకి ఇంకో మాట. మోడల్‌లోని మెజర్ చెప్పేది మోడల్ వెర్షనే. పేజీలో విజువల్ మార్చి రిపోర్ట్ ఒక్కటే పబ్లిష్ చేస్తే ఆ నంబర్ కదలదు. మేం రిపోర్ట్‌లోనే ఇంకో మెజర్ రాసి రెండు నంబర్లూ చూపిస్తున్నాం. మొబైల్ లేఅవుట్‌లో ఈ కార్డ్‌ను మళ్లీ విడిగా పెట్టాలి. మేం పెట్టలేదు, ఫోన్‌లో చూసేవాళ్లకి కొన్నాళ్లు అసలు నంబరే కనిపించలేదు.

మూడేళ్లలో నాకు బాగా కలిసొచ్చింది స్క్రీన్‌షాట్ల విషయంలోనే. ఫిర్యాదు రాగానే ముందు ఆ మూల చూస్తాను, బిల్డ్ నంబర్ పట్టుకుని గిట్‌లో సరిగ్గా ఆ మార్పు దగ్గరికి వెళ్తాను. పీడీఎఫ్‌లోనూ నంబర్ వెంట వస్తుంది.

ఎక్సెల్‌లోకి డేటా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం రాదు, ఆ విజువల్ డేటా మాత్రమే వెళ్తుంది. అందుకని ముఖ్యమైన టేబుళ్లలో వెర్షన్‌ను చివరి కాలమ్‌గా పెట్టాం. పెట్టగానే అమ్మకాలు లేని వరసలన్నీ బయటపడ్డాయి, ఎందుకంటే ఆ మెజర్ ఏ వరసలోనూ ఖాళీగా ఉండదు. అమ్మకం ఉన్న చోటే వెర్షన్ ఇవ్వమని షరతు పెట్టాక టేబుల్ మళ్లీ మామూలైంది.