పోస్టు ఎందుకు పడలేదో చెప్పని షెడ్యూలింగ్ క్యాలెండర్ - ఏడాదికి పైగా వాడాక నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి మూడు స్టార్లు. ఇది మనం ముందే రాసి పెట్టిన పోస్టుల్ని చెప్పిన టైముకి పేజీల్లో వేసే టూల్. నెలంతా ఏ రోజు ఏం పోస్టు పడాలో ఒక్క స్క్రీన్ మీద చూసుకోడానికి చాలా బాగుంది, కానీ పోస్టు పడనప్పుడు ఎందుకు పడలేదో చెప్పడంలో మాత్రం బాగా వీక్. విజయవాడలో ఉండి చిన్న చిన్న షాపుల ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు చూస్తుంటా నేను. వన్‌టౌన్‌లో ఒక చీరల షాపు, గుంటూరు పచ్చళ్ళ వాళ్ళు, ఆ పచ్చళ్ళ వాళ్ళ బంధువులదే అమెరికాలో ఎడిసన్‌లో ఒక క్యాటరింగ్, ఇంకొన్ని ఉన్నాయి, అన్నీ ఈ ఒక్క క్యాలెండర్ నుంచే వెళ్తాయి. టూల్ పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే వీటిలో సగం ఇబ్బందులు ఏ కంపెనీది వాడినా వచ్చేవే, మీరు ఏది వాడుతున్నా కింద రాసినవి పనికొస్తాయి.

బాగున్నవి ముందు. పోస్టుని వేలితో పట్టుకుని మంగళవారం నుంచి గురువారానికి లాగేయొచ్చు. ఒక్కో షాపుకి ఒక్కో రంగు. క్లయింటుకి అప్రూవల్ లింక్ వాట్సాప్‌లో పంపితే లాగిన్ లేకుండానే చూసి ఓకే కొట్టేస్తారు, ఇది నిజంగా మంచి ఫీచర్, పెద్దవాళ్ళు కూడా ఈజీగా వాడుతున్నారు. ప్రతి రోజు గడిలో నోట్ రాసుకునే చోటు ఉంది, నాకు అది చాలా అవసరం, ఎందుకంటే ఈ టూల్‌లో ఇచ్చిన పండగల లిస్టులో థాంక్స్‌గివింగ్ ఉంటుంది గానీ ఉగాది ఉండదు, బతుకమ్మ ఉండదు, శ్రావణ శుక్రవారాలు అసలే ఉండవు. అది సూచించే "బెస్ట్ టైమ్" కూడా అంతే, శుక్రవారం పదకొండు గంటలు అని చూపిస్తుంది, మా చీరల షాపు ఆయన మాత్రం శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, ఆ టైములో కొత్త స్టాక్ పోస్టు వద్దమ్మా అంటారు. ఆయన వ్యాపారం, ఆయన నమ్మకం, ఆ గడుల్లో ముందే నోట్ పెట్టేసుకుంటా. అమావాస్యలకి కూడా అంతే.

ఇక అసలు సంగతి. 2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం వచ్చింది. చీరల షాపులకి ఆ వారం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. గురువారం పొద్దున ఏడింటికి ఆఫర్ పోస్టు పడాలి. తొమ్మిదికి షాపాయన ఫోన్ - "ఏమ్మా, పోస్టు ఇంకా పడలేదేంటి, ఆఫర్ ఈ రోజూ రేపే కదా." "చూస్తున్నానండి, ఐదు నిమిషాల్లో పెట్టేస్తా" అని క్యాలెండర్ తెరిస్తే ఆ గడిలో పోస్టు మామూలుగానే ఉంది, ఫోటో ఉంది, టైమ్ ఉంది, మూలన మాత్రం ఆవగింజంత నారింజ చుక్క. దాని మీద నొక్కితే "ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి". అంతే. మొబైల్ యాప్‌లో నెల వ్యూలో ఆ చుక్క కూడా కనబడదు. మెయిల్ పంపించాం అంటారు సపోర్ట్ వాళ్ళు, ఆ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడి ఉంది, పండగ హడావిడిలో ప్రమోషన్స్ ట్యాబ్ ఎవరు తెరుస్తారు చెప్పండి.

ఇలాంటప్పుడు ముందు ఫోన్లోంచి చేత్తో పోస్టు పెట్టేయండి, కారణం తర్వాత వెతకొచ్చు. కానీ చేత్తో పెట్టే ముందు పేజీ ఓపెన్ చేసి నిజంగా పడలేదా అని చూడండి, ఎందుకంటే కొన్నిసార్లు టూల్‌కి జవాబు టైముకి రాక "ఫెయిల్డ్" అని చూపిస్తుంది, అక్కడ మాత్రం పోస్టు పడిపోయి ఉంటుంది, మనం రీట్రై కొడితే ఒకే పోస్టు రెండు సార్లు పడుతుంది. పచ్చళ్ళ వాళ్ళ పేజీలో గోంగూర పోస్టు అలాగే పక్కపక్కనే రెండు పడ్డాయి.

ఆ రోజు కారణం ఏంటంటే షాపాయన వాళ్ళబ్బాయి ముందు రోజు రాత్రి ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చుకున్నాడు. పేజీని టూల్‌కి కనెక్ట్ చేసింది అతని ప్రొఫైల్ నుంచే. మనం కనెక్ట్ చేసినప్పుడు ఫేస్‌బుక్ ఆ టూల్‌కి మన తరఫున ఒక టోకెన్, అంటే మన బదులు పోస్టు పెట్టే అనుమతి లాంటిది, ఇస్తుంది, పాస్‌వర్డ్ మారితే ఆ టోకెన్ చచ్చిపోతుంది, ఆ మనిషిని అడ్మిన్‌గా తీసేసినా పోస్టులు ఆగిపోతాయి. ఏమీ మార్చకపోయినా సరే లింక్డ్ఇన్ టోకెన్ మామూలుగా 60 రోజులకి అయిపోతుంది, ఫేస్‌బుక్ యూజర్ టోకెన్లకి కూడా దాదాపు అంతే గడువు. కాబట్టి "నిన్నటిదాకా బానే ఉంది, ఇవాళ అన్నీ ఆగిపోయాయి" అంటే నూటికి తొంభై సార్లు కనెక్షనే. రీకనెక్ట్ చేసేటప్పుడు ఒకటి చాలా జాగ్రత్తగా చూడండి - ఫేస్‌బుక్ ఒక లిస్టు చూపించి ఏ ఏ పేజీలకి పర్మిషన్ ఇస్తారు అని అడుగుతుంది, అక్కడ ఇప్పుడు పాడైన ఒక్క పేజీకే టిక్ పెడితే మిగతా పేజీల పర్మిషన్ పోతుంది, ఒకటి బాగుచేయబోతే మిగతావన్నీ ఆగిపోతాయి. అన్నింటికీ టిక్ ఉందో లేదో చూసుకునే ముందుకెళ్ళండి. ఇక ఈ టూల్‌లో ఇంకో బాధ, కనెక్షన్ బాగయ్యాక కూడా ఆగిపోయిన పోస్టులు వాటంతట అవి వెళ్ళవు, ఒక్కోటి పట్టుకుని మళ్ళీ కొత్త టైముకి లాగాలి. ఇది చాలా తప్పు డిజైన్ అని నా గట్టి అభిప్రాయం.

ఇన్‌స్టాకి ఇంకో రూల్ ఉంది, పర్సనల్ అకౌంట్‌కి బయట టూల్స్ నుంచి పోస్టు వెళ్ళదు, బిజినెస్ గానీ క్రియేటర్ గానీ అయి ఉండాలి. రీల్‌కి ట్రెండింగ్ పాట కావాలని ఎవరైనా అకౌంట్‌ని మళ్ళీ పర్సనల్‌కి మార్చేస్తారు, ఆ రోజు నుంచి క్యాలెండర్ మౌనం. మీ క్లయింట్ల ఇళ్ళల్లో పిల్లలు ఎవరైనా పేజీ చూస్తుంటే ఇది ముందే చెప్పి పెట్టండి.

టైమ్ జోన్ గొడవ ఎడిసన్ వాళ్ళ వల్ల తెలిసింది. వాళ్ళకి వీకెండ్ బాక్స్ ఆర్డర్ల పోస్టు శుక్రవారం అక్కడ పొద్దున పదకొండుకి పడాలి. ఎండాకాలంలో అది మనకి రాత్రి ఎనిమిదిన్నర, అలాగే నడిచింది. 2025 నవంబర్ 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు, మన దగ్గర ఆ పద్ధతే లేదు కదా, దాంతో మన ఎనిమిదిన్నర వాళ్ళకి పది అయిపోయింది. ఈ టూల్‌లో టైమ్ జోన్ అకౌంట్‌కి ఒకటి, వర్క్‌స్పేస్‌కి (క్లయింట్ల పేజీల్ని గుంపుగా పెట్టుకునే విభాగం) ఒకటి వేరువేరుగా ఉంటాయి, క్యాలెండర్ మీద కనబడేది మాత్రం మన ఫోన్ టైము, ఈ మూడిటిలో పోస్టు దేని ప్రకారం వెళ్తుందో ఎక్కడా రాసి ఉండదు. నేను టెస్ట్ పోస్టులు పెట్టి చూశా, వర్క్‌స్పేస్‌దే చెల్లుతుంది. పరిష్కారం సింపుల్, అమెరికా క్లయింటుకి వేరే వర్క్‌స్పేస్ పెట్టి దానికి న్యూయార్క్ టైమ్ ఇచ్చేయండి, అప్పుడు మార్చి, నవంబర్ మార్పులు అదే చూసుకుంటుంది. డల్లాస్‌లో వాళ్ళకి చేస్తుంటే షికాగో టైమ్ ఎంచుకోవాలి. పోస్టు సరిగ్గా ఐదున్నర గంటలు తేడాగా పడుతోందంటే మాత్రం వర్క్‌స్పేస్ ఇంకా యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక టైములోనే ఉందని అర్థం.

ఇప్పుడు ఎక్సెల్ షీటుతో ఒకేసారి నెల పోస్టులు ఎక్కించే పద్ధతి. సంక్రాంతికి ఒక క్లయింట్ ఆఫీసు వాళ్ళు షీట్ తయారు చేసి పంపారు, తేదీలు మనం రాసే పద్ధతిలోనే, రోజు ముందు నెల తర్వాత. టూల్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతుంది. 13/01, 14/01 ఉన్నవన్నీ ఎర్రర్ ఇచ్చాయి, పదమూడో నెల లేదు కాబట్టి. 12/01 మాత్రం ఏ ఎర్రరూ లేకుండా ఎంచక్కా డిసెంబర్ 1కి వెళ్ళి కూర్చుంది, 11/01 నవంబర్ 1కి. అంటే ఎర్రర్ వచ్చినవాటి కన్నా రానివే ప్రమాదం. అప్‌లోడ్ అయ్యాక ఈ నెల కాకుండా ముందు నెలల్లోకి వెళ్ళి ఎక్కడైనా ఒంటరి పోస్టులు కూర్చున్నాయేమో చూడండి. సంవత్సరం-నెల-రోజు వరసలో, 2026-01-12 లాగా రాస్తే ఈ టూల్ సరిగ్గా తీసుకుంటుంది. అదే షీట్‌లో తెలుగు క్యాప్షన్లు ఉంటే సేవ్ చేసేటప్పుడు ఫైల్ రకం మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోవాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది.

తెలుగు విషయంలో ఇంకోటి, ఇది ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళకి రాని సమస్య. మన డీటీపీ వాళ్ళు ఇప్పటికీ చాలామంది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తోనే కంపోజ్ చేస్తారు. పాంప్లెట్ మ్యాటర్‌ని అక్కడ్నించి కాపీ చేసి క్యాప్షన్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ వస్తాయి. టూల్ పాడైందని సపోర్ట్‌కి రాయకండి, వాళ్ళకి అది అర్థం కాదు. అను యూనికోడ్ (ఫోన్లూ వెబ్‌సైట్లూ అన్నీ తెలుగుని గుర్తుపట్టే పద్ధతి) కాదు, యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి, మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూసుకోండి. అక్షరాల లెక్క కూడా మనకి తేడాగా ఉంటుంది, "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం, లెక్కలో నాలుగు. ఇన్‌స్టా క్యాప్షన్‌కి 2,200 దాకా చోటుంది కాబట్టి ఇబ్బంది లేదు, ఎక్స్‌లో (పాత ట్విట్టర్) 280 అంటే తెలుగులో మూడు వాక్యాలకే ఎర్ర గీత వచ్చేస్తుంది.

ఫోటోలూ వీడియోల ఫెయిల్యూర్లు త్వరగా చెప్పేస్తా. వాట్సాప్ స్టేటస్ కోసం చేయించిన పొడుగు పోస్టర్, అంటే 9:16ది, ఇన్‌స్టా ఫీడ్‌కి షెడ్యూల్ చేస్తే వెనక్కి కొడుతుంది, స్టోరీకైతే వెళ్తుంది. ఫీడ్‌కి 1080 బై 1350 చేయించుకోండి, నా దగ్గర ఆ సైజు ఎప్పుడూ ఆగలేదు. ఇన్‌స్టా యాప్‌లో 2024 ఆగస్టు నుంచి ఒక పోస్టులో 20 ఫోటోలు పెట్టొచ్చు కానీ బయట టూల్స్‌కి 10 వరకే, చీరల షాపు వాళ్ళు పద్నాలుగు డిజైన్లు పంపితే రెండు పోస్టులుగా విడగొట్టక తప్పదు. ఫోన్లో ఫోర్‌కేలో నిలువుగా తీసిన రీల్ వెడల్పు 2160 పిక్సెళ్ళు, టూల్స్ నుంచి వెళ్ళే రీల్‌కి 1920 వెడల్పు దాటకూడదు, ఈ టూల్ దాన్ని తగ్గించదు, నేరుగా ఫెయిల్ చేస్తుంది. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో 1080పీ పెట్టి తీయమని షాపు వాళ్ళకి చెప్పేశా, ఆ తర్వాత ఈ గొడవ లేదు.

డబ్బులు కట్టే దగ్గర కూడా పోస్టులు ఆగుతాయి, ఇది చాలామందికి తట్టదు. డాలర్లలో ఆటోమేటిక్‌గా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లకి 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్స్ మారాయి, బ్యాంకులో ఈ-మాండేట్, అంటే డబ్బులు ఆటోమేటిక్‌గా కట్ చేసుకోమని మనం ముందే ఇచ్చే అనుమతి ఉండాలి, ఇప్పుడైతే ఒకసారికి 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ మనం ఓటీపీ ఇవ్వాల్సిందే. సంవత్సరం ప్లాన్ ఒకేసారి తీసుకుంటే ఆ లిమిట్ దాటేస్తుంది, రెన్యూవల్ రోజు పేమెంట్ ఫెయిల్, టూల్ మనల్ని ఫ్రీ ప్లాన్‌లోకి దించేస్తుంది, ఫ్రీ ప్లాన్‌లో పట్టని పోస్టులన్నీ "పాజ్డ్". కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆఫ్ చేసి ఉన్నా అంతే. అందుకే రెన్యూవల్ తేదీని కూడా అదే క్యాలెండర్‌లో నోట్‌గా పెట్టుకుంటున్నా, వారం ముందు.

సపోర్ట్ మర్యాదగానే మాట్లాడతారు, కానీ మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే, లాగౌట్ చేసి లాగిన్ అవ్వండి, క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత డేటా) క్లియర్ చేయండి. పోస్టు గడిలో మూడు చుక్కలు నొక్కితే యాక్టివిటీ లాగ్ అని ఉంటుంది, అందులో ఫేస్‌బుక్ పంపిన అసలు ఎర్రర్ నంబర్ దొరుకుతుంది. 190 అని ఉంటే టోకెన్ పోయింది, రీకనెక్ట్ చేయాలి. ఆ లాగ్ స్క్రీన్‌షాట్ మొదటి మెసేజ్‌లోనే పెడితే క్యాష్ కథ లేకుండా నేరుగా టెక్నికల్ వాళ్ళకి పంపిస్తారు. ఇంత ఉపయోగపడే సమాచారం లోపల ఉంచుకుని బయట "ఏదో పొరపాటు జరిగింది" అని చూపించడం నాకు అస్సలు నచ్చలేదు. పండగ పూట ఒక్క పోస్టు పడకపోతే చిన్న షాపు వాళ్ళకి ఆ రోజు బేరాలు పోతాయి, వాళ్ళు నమ్మి మనకి అప్పజెప్పారు. పోస్టు ఆగిన నిమిషంలో వాట్సాప్‌కో ఫోన్‌కో అలర్ట్ రావాలి, అదే రెండుసార్లు రాసి అడిగా, నోట్ చేసుకున్నాం అన్నారు.

ఒక్క షాపే చూసుకునే వాళ్ళు దీనికి డబ్బులు పెట్టొద్దు. మెటా బిజినెస్ సూట్ ఫ్రీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండూ అందులోంచే షెడ్యూల్ అవుతాయి, ప్రొఫెషనల్ అకౌంట్ ఉంటే ఇన్‌స్టా యాప్‌లోనే 75 రోజుల ముందు దాకా పెట్టుకోవచ్చు. నాలాగా నలుగురైదుగురివి చూసేవాళ్ళకి, అప్రూవల్స్ కావాల్సిన వాళ్ళకి మాత్రం ఇది టైమ్ బాగా ఆదా చేస్తుంది, నేను ఇంకా వాడుతూనే ఉన్నా, కాకపోతే ఇప్పుడు నెల ప్లాన్. మానేద్దాం అనుకునేవాళ్ళు ప్లాన్ ఇంకా నడుస్తుండగానే క్యాలెండర్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఫ్రీ ప్లాన్‌లోకి దిగాక క్యాప్షన్లు వస్తాయి గానీ ఫోటోలు, వీడియోలు దిగవు.