ఫోమ్ టేపుతో మూడేళ్లు: పులి తోక ఎందుకు ఆగిపోయింది

కదిలే బొమ్మల కార్డులకి మూడేళ్లుగా ఫోమ్ టేపు, అంటే రెండువైపులా జిగురుండే నురుగు టేపు, వాడుతున్నాను. దాని మీద నా కోపం ఒక్కటే. కదిలే ముక్క పక్కన పెడితే నమ్మించి ముంచుతుంది. కట్టిన రోజు నాలుక, అంటే బొమ్మ కదలడానికి చేత్తో లాగే అట్టముక్క, వెన్నలా జారుతుంది, వారం తర్వాతా జారుతుంది. తీరా కార్డు అందుకున్నవాళ్లు లాగేసరికి కదలదు. గట్టిగా లాగితే నాలుక ఊడి చేతికొస్తుంది. నేను చెప్పేది 12 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉండే మామూలు తెల్ల చుట్ట గురించి. మూడు కంపెనీలవి మార్చి చూశాను, ఈ విషయంలో మూడూ ఒకటే.

ఇది బాగా బయటపడింది పులివేషం కార్డులో. ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రకి ఈ కార్డు కడతాను. నాలుక లాగితే పులి తోక ఊపుతుంది. తోకకి ఇరుసు అవతల 10 మి.మీ. పొట్టి చెయ్యి ఉంటుంది, దాని కొస నాలుకలోని కన్నానికి కలుస్తుంది. నాలుక ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం 14 మి.మీ. నడిస్తే తోక దాదాపు 90 డిగ్రీలు తిరుగుతుంది. తోక 60 మి.మీ. ఉంటే కొస అరచేతి వెడల్పంత ఊగుతుంది. చెయ్యి కొస వంపుగా తిరుగుతుంది, నాలుక మాత్రం తిన్నగా నడుస్తుంది. అందుకని నాలుకలో కన్నం గుండ్రంగా ఉంటే పట్టేస్తుంది, అడ్డంగా మరో 3 మి.మీ. సాగదీయాలి. తోక ఇరుసుకీ, చెయ్యి నాలుకకి కలిసేచోటుకీ నూలుదారం ముడే మేలు. ఇత్తడి పిన్ను కాళ్లు నాలుక నడిచే దారిలో గీసుకుంటాయి. ముడి ఉబ్బు తగిలేచోట వెనక పలకకి చిన్న కన్నం చేస్తే సరిపోతుంది.

ఇక మందం లెక్క. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) ఐవరీ బోర్డు పొర ఒక్కోటి సుమారు 0.4 మి.మీ. తోక, నాలుక ఒకదాని మీద ఒకటి వచ్చేచోట 0.8. నాలుకకి రెండు పక్కలా అంటించిన టేపు ముందు, వెనక పలకల మధ్య ఇచ్చే ఎత్తు 1 మి.మీ. మిగిలేది 0.2. అంతా ఆ 0.2 మీదే నడుస్తోందని చాలాకాలం పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో కట్టి పేర్చిపెట్టిన కార్డులు ఏప్రిల్ మొదట్లో బిగుసుకున్నాయి. పేర్పులో పైన ఉన్నవి కాస్త నయం, అడుగున ఉన్నవి అసలు కదల్లేదు. ఒకదాని వెనక పలక కట్టరుతో ఊడదీశాను. నాలుక అంచు పొడవునా వెంట్రుకంత బూడిదరంగు గీత కనపడింది. గోటితో గీకితే తీగలా సాగింది. అది టేపు జిగురే, కాగితం దుమ్ము పట్టి రంగు మారింది. 12 మి.మీ. టేపుని నిలువునా చీల్చి 4 మి.మీ. పట్టీలు చేసుకోవడం మనందరికీ అలవాటే కదా. బ్లేడు చీలుస్తూ జిగురుని ఆ అంచు మీదికి ఈడ్చుకొస్తుంది. సరిగ్గా ఆ అంచునే నాలుక దారివైపు తిప్పి అంటించాను. వేడికి జిగురు మెత్తబడింది, పైబరువుకి బయటికి పాకింది.

జిగురు ఒక్కటే ఐతే పౌడరు చల్లి సరిపెట్టేవాణ్ణి. అదే బరువుకి నురుగు కూడా అణిగింది. వారాల తరబడి నలిగిన నురుగు మళ్లీ పూర్తిగా లేవదు. ఆ 0.2 ఖాళీ కాస్తా పోయింది. నాలుకకి పక్కన జిగురు, పైనా కిందా ఒరిపిడి.

టేపుతోనే చేయాల్సివస్తే పట్టీని దారి అంచుకి 3 మి.మీ. వెనక్కి జరపండి, కంపెనీ కోసిన అంచే దారివైపు ఉంచండి. బయటికి కనపడే జిగురుకి ముఖానికి రాసుకునే పౌడరు చిన్న కుంచెతో అద్దండి. నాలుకకి రెండువైపులా తెల్ల కొవ్వొత్తి రుద్దండి. దీంతో జిగురు బాధ తీరుతుంది గానీ నురుగు అణగడం ఆగదు.

అందుకే ఇప్పుడు టేపు పట్టీల బదులు నాలుకకి రెండు పక్కలా గట్లు కాగితంతోనే కడుతున్నాను. ఇంట్లో పేరుకున్న పాత శుభలేఖలు ఇంత బాగా పనికొస్తాయని అనుకోలేదు. వాటి అట్ట మందంగా, గట్టిగా ఉంటుంది. 5 మి.మీ. పట్టీలు కోసి మూడేసి పొరలు ఫెవికాల్‌తో అంటిస్తే ఇంచుమించు 1.2 మి.మీ. ఎత్తు వస్తుంది. అది అణగదు. 12 మి.మీ. నాలుకకి గట్ల మధ్య 14 వదలాలి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపితే అట్ట వంకర పోతుంది. జిగురు పట్టీకి బయటి సగానికే రాయాలి, లోపలికి కారితే ఆరి రాయిలా గట్టిపడి నాలుకకి అడ్డుతుంది. ఆరేదాకా దారిలో పాలిథీన్ ముక్క దూర్చి పెట్టండి, ఫెవికాల్ దానికి అంటదు. పైన పుస్తకాలు పెట్టి రెండు గంటలు వదిలేయాలి. మెరుపు పూత ఉన్న శుభలేఖలైతే ముందు గరుకు కాగితంతో రుద్దాలి, బంగారురంగు అచ్చున్న భాగం తీసేయాలి.

నాలుక కోసేటప్పుడు పీచు దిక్కు చూసుకోండి. అట్టని రెండువైపులా మెల్లగా వంచితే, సులువుగా వంగేటప్పుడు మడత గీత ఏ దిక్కున పడుతుందో పీచు అటే. నాలుక పొడవు దానివెంటే ఉండాలి. అడ్డంగా కోసిన నాలుక వానాకాలం చెమ్మకి మెత్తబడి, వెనక్కి నెట్టినప్పుడు మడతపడుతుంది.

ఫోమ్ టేపు బరువుండదని ఇదివరకు చాలామందికి చెప్పాను. అబద్ధం కాదు గానీ అందులో ఒరిగేదేం లేదు. 10 సెం.మీ. పొడవు గట్లు రెండూ కలిపి గ్రాము కూడా తూగవు. ఏ4 ఐవరీ బోర్డు ఒక్కటే 18.7 గ్రాములు. వెనక పలక, కవరు కలిస్తే తపాలా వాళ్ల మొదటి 20 గ్రాములు ఎలాగూ దాటుతుంది.

ఉగాదికి చేసే షడ్రుచుల చక్రం కార్డులో మాత్రం టేపు ఇప్పటికీ వాడుతున్నాను. రుచికి 60 డిగ్రీల చొప్పున చక్రం తిరుగుతూ కిటికీలో వేపపువ్వు, బెల్లం, చింతపండు ఒక్కోటీ కనపడతాయి. ఒడియా స్నేహితులకి వాళ్ల కొత్త సంవత్సరమైన పణా సంక్రాంతికి అదే చక్రం, అక్షరాలే వేరు. అందులో టేపు నాలుగు మూలల్లోనే, చక్రానికి 15 మి.మీ. దూరంలో ఉంటుంది. అక్కడ ఇబ్బంది పెట్టలేదు. కార్డులు పేర్చిపెట్టకుండా నిలబెట్టి ఉంచడం వల్ల కూడా కావచ్చు.

నేనుండేది గోపాల్‌పూర్ సముద్రానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో. పైగా నా కార్డులు రెండు నెలల ముందే తయారై కూర్చుంటాయి. చేసిన మర్నాడే చేతికిచ్చేవాళ్లకి ఇవేవీ ఎదురుకాకపోవచ్చు. బడిపిల్లలతో గంటలో ముగించాలన్నా ఫెవికాల్ ఆరేదాకా ఆగలేరు, టేపే దిక్కు. కాగితపు గట్ల కార్డులు ఇప్పటికి దాటింది ఒక్క వానాకాలమే. అడుగున పెట్టినదాన్ని నిన్న తీసి లాగితే తోక చివరిదాకా ఊగింది.